వయసు అడిగినందుకు ఆధార్ ఇచ్చేయాలా?

ప్రశ్న: అక్కా, మాది తిరుపతి, కొర్లగుంట. బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో రిసెప్షన్‌లో పని చేస్తాను. మా ఆయన కువైట్‌లో ఉన్నాడు. ఇంట్లో నేను, మా అత్త, మా పాప. పాపకు 15 ఏళ్లు, పదో తరగతి. బొమ్మలు బాగా వేస్తుంది. వేసినవన్నీ ఫోన్లో ఒక యాప్‌లో పెడుతుంది. అక్కడ దాని మాదిరే బొమ్మలేసే పిల్లలు ఒక గ్రూపుగా ఉన్నారు. పోయిన వారం ఆ యాప్ తెరిస్తే 'మీ వయసు నిర్ధారించాలి, ముఖం వీడియో తీయండి, లేదా గుర్తింపు కార్డు అప్‌లోడ్ చేయండి' అని వచ్చిందంట. అప్పటినుంచి నా ఆధార్ ఇమ్మని ఒకటే పోరు. వాళ్ల క్లాసులో ముగ్గురు నలుగురు వాళ్లమ్మల కార్డులు పెట్టేశారంట, ఏమీ కాలేదంట. మా ఆయన్ని అడిగితే 'పెట్టేయ్, మన దగ్గర దాచుకునేదానికి ఏముంది' అన్నాడు.

నాకు మాత్రం మనసొప్పడం లేదు. ఎందుకంటే ఆ కార్డులు తీసుకునే పని నేనే చేస్తాను. లాడ్జికి వచ్చిన ప్రతి ఒక్కరి ఆధార్ నా సొంత ఫోన్‌తో ఫోటో తీసి ఓనరుకు వాట్సాప్‌లో పంపిస్తాను. నా ఫోన్లో నా బిడ్డ ఫోటోల కంటే ముక్కూ మొహం తెలియని వాళ్ల ఆధార్‌లే ఎక్కువ. తీసేయమని ఎవరూ చెప్పలేదు, నేనూ తీయలేదు. ఆ యాప్ వాళ్ల దగ్గర కూడా ఇంతే కదా అనిపిస్తుంది.

ఇంకో మాట. చిన్న పిల్లలకు సోషల్ మీడియా లేకుండా చట్టం తెస్తారని టీవీలో చెప్తున్నారు. పిల్లల్ని చూస్తే అది మంచిదే అనిపిస్తుంది. ఆ చట్టం వస్తే అప్పుడైనా కార్డు ఇవ్వాల్సిందే కదా, అదేదో ఇప్పుడే ఇస్తే పోతుంది కదా? నా పేరు వేయొద్దు.
ఒక తల్లి, తిరుపతి

సమాధానం: చెల్లెమ్మా, ఇవ్వకండి. మీ ఆధారూ వద్దు, పాప ఆధారూ వద్దు. ముఖం వీడియో కూడా వద్దు. మనసొప్పడం లేదన్నారు చూడండి, ఆ మాటనే పట్టుకోండి.

ముందు పాప సంగతి చూద్దాం. మీ కార్డు పెడితే ఆ యాప్ లెక్కలో ఆ ఖాతా పదో తరగతి పిల్లది కాదు, పెళ్లయి పిల్లలున్న ఒక ఆడమనిషిది. పిల్లల ఖాతాలకు చాలా యాప్‌లు కొన్ని కట్టుబాట్లు పెడతాయి. తెలియనివాళ్లు నేరుగా మెసేజ్ పంపలేరు, ఖాతా అందరికీ కనబడదు, పెద్దల సరుకు ముందుకు రాదు. మీ కార్డు పడగానే ఆ కట్లన్నీ వాళ్లే విప్పేస్తారు. రేపు ఎవడైనా 'బొమ్మలు బాగున్నాయమ్మా' అంటూ పాపతో మాట కలిపి ఇబ్బంది పెడితే, 'మా దగ్గర పెద్దవాళ్ల కార్డు ఉంది, మాకేం తెలుసు' అని కంపెనీ చేతులు దులుపుకోవచ్చు. పాప స్నేహితురాళ్లకు ఏమీ కాలేదన్నారు. వాళ్లమ్మల కార్డులతో ఆ పిల్లలు పెద్దల గుంపులోకి చేరిపోయారు. అది వాళ్లకు ఇంకా తెలియలేదు, అంతే.

ఖాతా తెరిచేటప్పుడు పుట్టిన సంవత్సరం ఏం వేసిందో పాపను నిమ్మళంగా అడగండి. తిట్టవద్దు. ఈ వయసు పిల్లలు ఎక్కువ వయసు వేసి తెరవడం మామూలే. తర్వాత ఎక్కడో అనుమానం వచ్చి యాప్ రుజువు అడుగుతుంది. చాలా యాప్‌లు 13 ఏళ్లు నిండితే చాలంటాయి, కాబట్టి నిజమైన పుట్టిన తేదీ వేసుకునే దారి ఉంటే అదే వేయించండి. పిల్లల ఖాతాగానే నడవనివ్వండి. ఆ దారి లేదు, కార్డు పెడితేనే అంటే ఆ యాప్ వదిలేయాల్సిందే. వదిలే ముందు బొమ్మలన్నీ డౌన్‌లోడ్ చేయించి, ఒక కాపీ ఫోన్లో, ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో పెట్టించండి. పాప పోరుకు అసలు కారణం బొమ్మలు పోతాయన్న భయమే కావచ్చు. ఆ భయం తీరితే సగం గొడవ అక్కడే ఆగిపోతుంది. మెచ్చుకునేవాళ్లు పోతారన్న బెంగ మిగులుతుంది, దాన్ని చిన్నచూపు చూడకండి. శ్రీకాళహస్తి మనకు గంట దూరం. కలంకారీ వేసేవాళ్లు గుడ్డ మీద కలం పట్టి గీత లాగే తీరు ఒక ఆదివారం చూపించండి. బొమ్మలేసే పిల్లకు అది పనికొస్తుంది.

ఇక మీ కార్డు సంగతి. పెద్దల సినిమాకు పోతే గేటు దగ్గర మనిషి ముఖం చూస్తాడు, అనుమానమొస్తే కార్డు చూస్తాడు, లోపలికి పంపిస్తాడు. మీ పేరు రాసుకోడు, కార్డు జేబులో పెట్టుకోడు, ఏ సినిమా చూశారో పదేళ్ల తర్వాత చెప్పలేడు. ఆన్‌లైన్‌లో వయసు చూపించమంటే అలాంటిదే అనుకుంటాం. కానీ అక్కడ కార్డు ఫోటో మన చేతిలోంచి వెళ్లిపోతుంది. వాళ్లకు కావాల్సింది 18 నిండాయా లేదా అన్న ఒక్క ముక్క. మనం ఇచ్చేది పేరు, ఫోటో, పుట్టిన తేదీ, ఇంటి అడ్రసు, 12 అంకెల నంబరు. చాలాసార్లు ఆ ఫోటో యాప్ కంపెనీ దగ్గర కూడా ఉండదు. వాళ్లు ఈ పని అప్పగించిన ఇంకో కంపెనీ దగ్గర ఉంటుంది. దాని పేరు మనం ఎప్పుడూ విని ఉండం.

2025 అక్టోబరులో డిస్కార్డ్ అనే చాటింగ్ యాప్ సంస్థ బయటపెట్టిన విషయం ఇలాంటిదే. దానికి కస్టమర్ సేవలు చేసిపెట్టే బయటి సంస్థ మీద హ్యాకర్లు పడ్డారు. సుమారు 70,000 మంది గుర్తింపు కార్డుల ఫోటోలు బయటపడి ఉండవచ్చని డిస్కార్డే చెప్పింది. తమ వయసు తప్పుగా లెక్కగట్టారని అప్పీలు చేసుకోవడానికి జనం పంపిన కార్డులు అవి. నియమం పాటించి, నిజం చెప్పి, కార్డు పంపినవాళ్లే నష్టపోయారు. ఇది నన్ను బాధపెడుతుంది.

దక్షిణ కొరియా కథ ఇంకా పాతది. పెద్ద వెబ్‌సైట్లలో ఏదైనా రాయాలంటే ముందు అసలు మనిషెవరో నిర్ధారించుకోవాలని 2007లో అక్కడ నియమం పెట్టారు. కారణం మంచిదే, బూతులు తగ్గాలని. దాంతో జనం గుర్తింపు వివరాలు వెబ్‌సైట్ల దగ్గర గుట్టలుగా చేరాయి. 2011లో నేట్, సైవరల్డ్ సైట్ల మీద దాడి జరిగితే 3.5 కోట్ల మంది వివరాలు పోయాయి. ఆ దేశ జనాభాయే దాదాపు 5 కోట్లు. 2012లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఆ నియమం చెల్లదని కొట్టేసింది. నియమం పోయింది కానీ, బయటపడిన వివరాలను ఏ కోర్టూ వెనక్కి తేలేకపోయింది. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం. పుట్టిన తేదీని, ముఖాన్ని ఎట్లా మార్చుకుంటాం?

ముఖం వీడియో అయితే ఫర్వాలేదని కొందరంటారు, అందులో నంబరు ఉండదు కదా అని. కానీ ముఖం చూసి యంత్రం చెప్పేది అంచనా మాత్రమే. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024లో ఇలాంటి సాఫ్ట్‌వేర్లను పరీక్షించింది. ఆడవాళ్ల ముఖాల దగ్గర పొరపాట్లు దాదాపు ప్రతిసారీ ఎక్కువే వచ్చాయి. ఫోటో తీరును బట్టి, మనిషి పుట్టిన ప్రాంతాన్ని బట్టి కూడా అంచనా మారింది. 40 ఏళ్ల మనిషిని పిల్ల కాదని తేల్చడం దానికి సులువే. 15కీ 18కీ మధ్య గీత గీయాల్సిన చోటే అది తడబడుతుంది. కాదన్నప్పుడు మళ్లీ కార్డే అడుగుతారు. అంతదాకా పోయేసరికి పాప ముఖమూ వాళ్ల దగ్గరే, మీ కార్డూ వాళ్ల దగ్గరే.

మీ ఆయన 'దాచుకునేదానికి ఏముంది' అన్నాడు. దూరాన ఉన్న మనిషి, ఇంట్లో గొడవ తగ్గాలని అని ఉంటాడు. ఆయనతో ఈ మాట చెప్పండి: కువైట్‌లో పాస్‌పోర్టు తన దగ్గరుంటే ఒక రకం, యజమాని బీరువాలో ఉంటే ఇంకో రకం. అందులో దాచాల్సిన రహస్యం ఒక్కటీ ఉండదు. అయినా అది ఎవరి చేతిలో ఉందన్నదాన్ని బట్టి మనిషి బతుకు మారిపోతుంది. గల్ఫ్‌లో పనిచేసినవాళ్లకు ఇది నేను వివరించక్కర్లేదు. గోప్యత అంటే మన కాగితం మీద మన చెయ్యి ఉండటం. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా చెప్పింది. ప్రైవేటు కంపెనీలు ఆధార్‌తో మనిషిని నిర్ధారించుకోవడానికి దారి ఇచ్చిన ఆధార్ చట్టం 57వ సెక్షన్‌లోని భాగాన్ని 2018 సెప్టెంబరు తీర్పులో కొట్టేసింది.

తిరుపతి వాళ్లకు ఒక ఇబ్బంది ఉంది. కొండ మీద గదికి ఆధార్, సర్వదర్శనం టోకెన్‌కు ఆధార్, టోకెన్ లేకుండా లడ్డూ కావాలన్నా ఆధార్. అడగ్గానే ఇచ్చేయడం మనకు అలవాటు అయిపోయింది. గుడి దగ్గర ఎందుకు అడుగుతున్నారో మనకు తెలుసు, ఎవరు అడుగుతున్నారో కనబడుతుంది, తేడా వస్తే వెళ్లి అడగడానికి ఒక ఆఫీసు ఉంది. ఏ దేశంలో ఉందో తెలియని కంపెనీకి అదే అలవాటుతో ఇచ్చేస్తున్నాం.

మీ లాడ్జి మాట మీరు రాశారు కాబట్టి చెప్తున్నాను, నొచ్చుకోవద్దు. 2022 మేలో, ఆధార్ జారీ చేసే సంస్థ ఉడాయ్ బెంగళూరు ప్రాంతీయ కార్యాలయం ఒక సూచన ఇచ్చింది. ఉడాయ్ నుంచి లైసెన్సు లేని హోటళ్లు, సినిమా హాళ్ల లాంటివి ఆధార్ కాపీలు తీసుకోకూడదు, దగ్గర పెట్టుకోకూడదు అని. జనం అపార్థం చేసుకుంటున్నారని రెండు రోజుల్లోనే దాన్ని వెనక్కి తీసుకుని, మామూలు జాగ్రత్తలు పాటిస్తే చాలన్నారు. నాకైతే మొదట చెప్పిన మాటే సరైనదనిపిస్తుంది. లాడ్జికి రిజిస్టరు ఉండాల్సిందే, పోలీసులు అడిగితే చూపాల్సిందే. దానికి కార్డు చూసి పేరు, ఊరు, ఏ కార్డో, చివరి నాలుగు అంకెలు రాసుకుంటే సరిపోతుందేమో ఓనరును అడగండి. కాపీ కావాల్సిందే అంటే లాడ్జి ఫోన్ ఇమ్మనండి, మీ సొంత ఫోన్లో వద్దు. రేపు ఆ ఫోన్ పోతే వేలు మీ వైపే చూపిస్తారు. ఇప్పుడున్నవి గ్యాలరీలోంచి, వాట్సాప్‌లోంచి, గూగుల్ ఫోటోస్‌లోంచి, వాటి చెత్తబుట్టలోంచి కూడా తీసేయండి. ఓనరుకు ముందు చెప్పి తీయండి.

చట్టం సంగతికి వస్తాను. అప్పుడెటూ ఇవ్వాలి కదా అన్నారు. అక్కర్లేదు. ఆస్ట్రేలియానే చూడండి. 2024లో చట్టం చేసి, 2025 డిసెంబరు 10 నుంచి 16 ఏళ్లలోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలు లేకుండా చేశారు. మాట వినని కంపెనీకి 4.95 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల దాకా జరిమానా. మొదటి నెల రోజుల్లోనే దాదాపు 47 లక్షల ఖాతాలు మూశారు. అంత గట్టి చట్టంలో కూడా ప్రభుత్వ గుర్తింపు కార్డు ఒక్కటే దారి అని కంపెనీలు పట్టుబట్టకూడదని, వేరే దారి చూపాల్సిందేనని రాశారు. వయసు కోసం తీసుకున్న వివరాలు పని కాగానే చెరిపేయాలనీ ఉంది. మన రాష్ట్రంలోనూ అలాంటి చట్టాన్ని పరిశీలిస్తున్నామని మంత్రి నారా లోకేశ్ 2026 జనవరిలో చెప్పారు. వచ్చే చట్టంలో ఇలాంటి రక్షణలు ఉండాలని అడగాల్సిన సమయం ఇది. మీకు ఎవరూ ఏ హామీ ఇవ్వకముందే ముందుగా వెళ్లి కార్డు చేతిలో పెట్టడం ఎందుకు?

కేంద్రం 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 నిండని వాళ్లందరినీ పిల్లలే అంటుంది. వాళ్ల వివరాలు తీసుకోవాలంటే అమ్మానాన్నల అనుమతి ఉండాలి, ఆ అనుమతి నిజమైనదేనని తేల్చుకోవాలి. పిల్లల మీద నిఘా పెట్టకూడదు, వాళ్లకు గురిపెట్టి ప్రకటనలు చూపకూడదు. ఈ చివరి మాట బంగారం లాంటిది, దాన్ని కచ్చితంగా అమలు చేస్తే చాలా బెడద తగ్గుతుంది. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, కంపెనీల మీద అసలు బాధ్యతలు అమలు కావడానికి 18 నెలల గడువిచ్చారు. వివరాలు కాపాడలేకపోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా ఉంది. ఆ డబ్బు పోయేది భారత సంచిత నిధికి, అంటే ప్రభుత్వ ఖజానాకు. మీ కార్డు బయటపడి మీరు నష్టపోతే అందులోంచి మీకు పైసా రాదు. పరిహారం అడిగేందుకు ఐటీ చట్టంలో ఉన్న 43ఎ సెక్షన్‌ను కూడా ఈ చట్టమే తీసేయమంటుంది. జాగ్రత్త పడమని మీకు ఇంతగా చెప్పడానికి ఇదీ ఒక కారణం.

పిల్లల్ని చూస్తే చట్టం మంచిదే అనిపిస్తుందన్నారు. మీ బాధ నాకు అర్థమవుతుంది. రాత్రి ఒంటిగంటకు దుప్పట్లో ఫోన్ వెలుగు కనబడితే ఏ తల్లికైనా అలాగే ఉంటుంది. కానీ ఒక సంగతి ఆలోచించండి. 16 ఏళ్ల లోపు వాళ్లెవరో తేలాలంటే 16 దాటినవాళ్లు కూడా తాము దాటామని రుజువు చూపాల్సి రావచ్చు. పిల్లల కోసమని పెట్టిన తనిఖీ మీకు, మీ అత్తకు, నాకు, అందరికీ పడవచ్చు. మీ అత్త భక్తి పాటల వీడియో చూడాలన్నా కార్డు తీయాల్సి రావచ్చు. ఎవరు ఏం చదువుతున్నారు, ఏం అడుగుతున్నారు అన్నది పేరుతో సహా ఒక చోట చేరవచ్చు. ఆడపిల్లల మాట ఇంకోటి. 18 దాకా అమ్మానాన్నల అనుమతి అంటే, ఇంట్లోనే బాధపడుతున్న పిల్ల ఆన్‌లైన్‌లో సాయం వెతుక్కోవాలన్నా ఆ ఇంటి పెద్దనే అడగాల్సి రావచ్చు. వైద్యులకు, బడులకు కొన్ని మినహాయింపులు పెట్టారు, అవి అన్ని అవసరాలనూ కప్పవు.

దీని వల్ల పిల్లలు ఆగిపోతారనీ లేదు. బ్రిటన్‌లో 2025 జూలై 25 నుంచి అశ్లీల సైట్లకు వయసు తనిఖీ తప్పనిసరి చేస్తే, మనం ఏ దేశంలో ఉన్నామో సైట్లకు తెలియకుండా దాచే వీపీఎన్ యాప్‌ల డౌన్‌లోడ్‌లు ఒక్కసారిగా పెరిగిపోయాయి. వాటిలో ఉచితంగా దొరికేవి కొన్ని మనం చూసేవన్నీ అమ్ముకుని బతుకుతాయి.

తనిఖీ తప్పదంటే 'అవును, కాదు' అనే ఒక్క జవాబుతో ముగియాలి. కార్డు మన ఫోన్ దాటకూడదు. యూరోపియన్ యూనియన్ 2025 జూలైలో అలాంటి నమూనా యాప్ బయటపెట్టింది, 18 నిండాయన్న రుజువు తప్ప పేరు కూడా సైటుకు వెళ్లదు. మన కొత్త ఆధార్ యాప్‌లోనూ కావాల్సిన వివరం మాత్రమే చూపే సదుపాయం పెట్టారు. మన నియమాల్లోనూ డిజిలాకర్ (కార్డులు, కాగితాలు ఫోన్లో దాచుకునే ప్రభుత్వ యాప్) లాంటివి ఇచ్చే టోకెన్‌తో, అంటే వయసూ గుర్తింపూ సరేనని చెప్పే డిజిటల్ చీటీతో, అనుమతి తేల్చుకునే దారి ఉంది. నా అనుమానం ఒక్క చోట ఉంది. టోకెన్ ఇచ్చేవాళ్లకు మనం ఏ సైటు కోసం అడిగామో తెలియకూడదు. తెలిస్తే కంపెనీ చేతిలోంచి తప్పించుకున్న చిట్టా ప్రభుత్వం చేతిలో తయారవుతుంది. మీ ఎమ్మెల్యే ఆఫీసుకు ఉత్తరం రాయాలనిపిస్తే ఈ రెండే అడగండి: కార్డు ఎవరూ దాచుకోకూడదు, ఎవరు ఎక్కడికి వెళ్లారన్న చిట్టా ఎక్కడా మిగలకూడదు.

మీకే ఎప్పుడైనా మీ పని కోసం వయసు చూపక తప్పకపోతే, ముందు కార్డు లేని దారి ఏదైనా ఉందేమో చూడండి. ఏదీ లేదు, ఆ సేవ లేకపోతే గడవదు అనుకున్నప్పుడే ఉడాయ్ వెబ్‌సైటు నుంచి మాస్క్‌డ్ ఆధార్ తీసుకుని ఇవ్వండి, అందులో చివరి నాలుగు అంకెలే కనబడతాయి. 'మీ ఖాతా ఆగిపోతుంది, వెంటనే వయసు నిర్ధారించండి' అని మెసేజ్‌లో లింకు వస్తే మాత్రం నొక్కొద్దు. ఈ చట్టాల మాట వినబడే కొద్దీ మోసగాళ్లు కూడా ఇదే పాట అందుకుంటారు.

కార్డులిచ్చేసిన ఆ తల్లులతో ఒకసారి మాట్లాడండి. యాప్‌లో గానీ, దాని వెబ్‌సైటులో గానీ ఫిర్యాదుల అధికారి వివరాలుంటాయి. 'ఈ ఖాతా మా అమ్మాయిది, ఫలానా రోజు పెట్టిన కార్డు నాది, దాన్ని చెరిపేసి చెరిపేశామని రాతపూర్వకంగా చెప్పండి' అని మెయిల్ పెట్టమనండి. ఆ మెయిల్ కాపీ దాచుకోమనండి. ఆధార్ యాప్‌లో వేలిముద్రలు, కనుపాపలకు తాళం వేసుకోమనండి. అందులోనే కార్డు ఎప్పుడెప్పుడు వాడారో చూపే చరిత్ర కూడా ఉంటుంది. అయితే ఫోటో అప్‌లోడ్ చేసినది అందులో కనబడదు, కాబట్టి ఏమీ లేదని నిశ్చింతగా ఉండొద్దని చెప్పండి. బ్యాంకు నుంచి గానీ, లోను యాప్ నుంచి గానీ తాము చేయని లావాదేవీ మెసేజ్ వస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.